ఎడమ టైరు బయటి అంచు

సర్వేశ్వరరావు గారి మెటాడోర్ వ్యానుకి ముందు ఎడమ టైరు ఒక్కటే అరిగిపోయేది. ఆ అరగడంలోనైనా ఒక పద్ధతి ఉందా అంటే లేదు. లోపలి అంచున నిన్ననే కొట్లోంచి తెచ్చినట్టు గీతలన్నీ లోతుగా, కొత్తగా ఉండేవి. బయటి అంచు మాత్రం కత్తిపీట మీద చెక్కేసినట్టు నున్నగా అయిపోయేది. ఒకే టైరు సగం పడుచుది, సగం ముసలిది. కుడిపక్క టైరుకి ఏ రోగమూ లేదు.

ఇది డెబ్భయ్యో దశకం చివరి మాట. అప్పట్లో టైరు కావాలంటే చేతిలో డబ్బుంటే చాలదు. విశాఖపట్నంలో డీలరు దగ్గర పేరు రాయించుకుని, ఆయనకి ఎప్పుడు దయ కలుగుతుందా అని కాచుకోవాలి. అలా కాచుకుని తెచ్చిన టైరు ఆరు నెలలు తిరక్కుండా సగం గుండు కొట్టించుకుంటే యజమానికి ఎలా ఉంటుంది? సర్వేశ్వరరావు గారు శాంతమూర్తి అని శృంగవరపుకోటలో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడం ఆయనకి రోజురోజుకీ కష్టమైపోతోంది.

ఆయనది ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపల వ్యాపారం. సరుకు కోటలో ఎక్కించి అరకు సంతకి పంపడం, అక్కడినుంచి పసుపు, చింతపండు, నూనె తీసే వలిసెలు దింపుకోవడం. వ్యాను నడిపేవాడు తాతారావు. ముప్పై దాటిన మనిషి, మాటకారి, ఘాట్ రోడ్డు మీద తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా అబద్ధమూ కాదు.

ఎందుకంటే ఆ వ్యానుని కొండెక్కించడం అందరి వల్లా అయ్యే పని కాదు. లారీలు వెనక చక్రాలతో తోసుకుంటూ పోతాయి. ఈ బండి ఎడ్లబండిలాగా ముందునుంచి లాక్కుపోయే రకం. ఇంజను బలమంతా ముందు చక్రాలకే. ఎక్కుడులో బరువు వెనక్కి పడిందా, ముందు చక్రాలు నేల పట్టు వదిలేసి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఈ సంగతి తాతారావు మొదటి వానాకాలంలోనే కనిపెట్టి ఉప్పు బస్తాలన్నీ తన వీపు వెనకే వేయించేవాడు. సంతకి వచ్చే జనాన్ని కూడా ముందుకే సర్దుకోమనేవాడు. దారి మరీ జారుడుగా ఉంటే బండిని తిప్పేసి వెనక్కి వెనక్కి ఎక్కించేవాడు. పైకి పోయే బండి కిందికి చూస్తూ పోతుంటే లోపలున్న ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

లాగేవీ ముందు చక్రాలే, తిరిగేవీ అవే, బరువు మోసేవీ అవే. ఆ ఇంట్లో పెద్దకోడళ్లు అవి. కాబట్టి ముందు టైర్లు త్వరగా అరగడంలో వింత లేదు. అరిగితే రెండూ అరగాలి కదా, ఒక్కటే ఎందుకు అరుగుతోందన్నదే ఎవరికీ అంతుపట్టలేదు.

కోటలో మెకానిక్కు వెంకటరావు ఉండేవాడు. టైరు మీద చెయ్యి వేస్తే చాలు, దాని జాతకం చెప్పేస్తాడని పేరు. మొదట గాలి తక్కువన్నాడు. గాలి సరిచూసుకున్నారు, అరగడం ఆగలేదు. చక్రాల వరస తప్పిందేమోనని దారం కట్టి చూశాడు, వెంట్రుకవాసి తేడా లేదు. చక్రాన్ని పైకెత్తి ఊపాడు, ఎక్కడా వదులు లేదు. చివరికి కుడి టైరు ఎడమకీ ఎడమ టైరు కుడికీ మార్చి బిగించాడు. ఎడమకి వచ్చిన మంచి టైరు మూడు నెలల్లో చెడ్డదైంది. కుడికి పోయిన చెడ్డ టైరు ఎలా ఉన్నది అలాగే ఉంది. అంటే తప్పు టైరుది కాదు, ఆ చోటుది.

"ఘాట్ రోడ్డు కదన్నా. మలుపులు తినేత్తన్నాయి," అన్నాడు వెంకటరావు.

"మలుపులు రెండేపులా ఉన్నాయి కదరా," అన్నాడు తాతారావు. "ఎక్కినప్పుడు ఎడంకి తిరిగిన మలుపు దిగినప్పుడు కుడికి తిరగదేటి?"

వెంకటరావు మళ్లీ ఒంగి బయటి అంచు తడిమాడు. "ఎక్కడైనా స్టీరింగు మొత్తం ఒక పక్కకి కోసేసి, బండిని ఉన్నచోటే గుండ్రంగా తిప్పుతున్నావేటి? అలా తిప్పితే ఇలగే అరుగుద్ది."

"నాకేం పని అలా తిప్పడానికి? లేదు."

"అయితే మరి నీ సెయ్యే బాగోలేదన్నా."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కారణం దొరక్క తన చేతిని అంటున్నాడని తాతారావుకి ఒళ్లు మండింది. వెంకటరావుతో నెల్లాళ్లు మాట్లాడలేదు. నిజానికి ఆ రోజు జవాబు అతని నాలుక చివరే ఉంది. తిప్పడం లేదని అతను అబద్ధం చెప్పలేదు, దాచనూ లేదు. వారం వారం తాను చేస్తున్న ఆ పని బండి నడపడం కిందకి వస్తుందని అతనికి తోచనే లేదు.

మళ్లీ కొత్తగా తెచ్చిన టైరు కూడా అదే దారి పట్టేసరికి సర్వేశ్వరరావు గారు, "ఈ వారం నేను కూడా వస్తానురా," అన్నారు. సంతరోజు తెల్లవారకముందే వచ్చి తాతారావు పక్కన, ఎడమ సీటులో కూర్చున్నారు. సరిగ్గా ఆ టైరు మీదన్నమాట. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి చక్రం వైపే చూస్తూ వచ్చారు. బొడ్డవర దాటింది, ఘాట్ మొదలైంది, టైడా దాటింది. చక్రం చక్కగా, బుద్ధిగా తిరుగుతూనే ఉంది. యజమాని పక్కనుండగా తాతారావు ఒక్క మలుపు కూడా మోటుగా తిప్పలేదు. చూశారా నా చెయ్యి అన్నట్టు మధ్యమధ్య ఆయన వైపు చూసుకుంటున్నాడు.

టైడా దాటాక, పెద్ద ఎక్కుడికి ముందు, కొంచెం చదును ఉంది. అక్కడ ఏనుగంత నల్లరాతిబండ, బండకి పసుపూ కుంకుమా. ఆవిడే మెరకమ్మ తల్లి. ఘాట్ ఎక్కే బండ్లన్నీ అక్కడ ఆగి, రేడియేటరులో నీళ్లు పోసుకుని, దండం పెట్టుకుని పోతాయి. తాతారావు ఆగలేదు. స్టీరింగుని కుడికి, ఇంక తిరగనంతవరకూ తిప్పేశాడు. నిండు లోడుతో ఉన్న వ్యాను ఆ బండ చుట్టూ, గుండ్రంగా, ఒకటో చుట్టు మొదలుపెట్టింది. వెనక జనం "తల్లీ మెరకమ్మా" అని ఒక్క గొంతుతో అరిచారు.

సర్వేశ్వరరావు గారి కాళ్ల కింద కరకరమని చప్పుడైంది. ఆయన తల బయటపెట్టి చూశారు. కుడికి తిరిగే బండికి ఎడమ చక్రం బయటి చక్రం. బరువంతా దాని మీదకి ఒరిగిపోయింది. ఇంజను దాన్ని ముందుకి లాగుతోంది, స్టీరింగు పక్కకి తోస్తోంది. అది పళ్లు తేలిన కంకర మీద బయటి అంచుతో నేలని గీరుకుంటూ పోతోంది. రెండో చుట్టుకి రబ్బరు వాసన కూడా వచ్చింది. మూడో చుట్టుకి ఆయన తల లోపలికి తీసుకున్నారు.

కారణం తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఆయన చెప్పులు విప్పేసి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించారు.

తిరుగుప్రయాణంలో, కొండ దిగి నేలమీద పడ్డాక, మెల్లిగా నోరు విప్పారు. "ఒరే తాతారావూ. మూడు సుట్లూ తిరగాలంటావా?"

తాతారావుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బండి వేగం తగ్గించాడు.

"తిరగాలి బాబూ. మొక్కు."

"అవునవును. మొక్కు మొక్కే." ఆయన కిటికీలోంచి చక్రం వైపు చూశారు. "కాదూ, మూడూ కలిపి ఒక్కటే పెద్ద సుట్టు తిరిగితే? దూరం దూరమే కదా." మళ్లీ తనే కంగారుగా, "నేను మానెయ్యమన్నానని కాదురోయ్. ఏ పుట్టలో ఏ పాముందో. నేనేటీ అనలేదు," అన్నారు.

షావుకారు అమ్మవారితో కూడా బేరమాడి చూశారని కోటలో తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన్ని అని లాభం లేదు. ఆ మొక్కు ఎలాంటిదో ఆయనకి తెలుసు.

తాతారావుకీ రత్నాలుకీ మొదట ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. పెద్దవాడు రెండో ఏట, చిన్నవాడు పురిటి వాసన పోకముందే. మూడోది ఆడపిల్ల. నెలల పిల్లప్పుడు దానికీ జ్వరం తగిలింది. తాతారావు ఆ రోజు సంతకి పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పోయాడు. వానలో, మెరకమ్మ బండ దగ్గర బండి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చి మొక్కుకున్నాడు. ఇంటికి తిరిగి వచ్చేసరికి పిల్ల పాలు తాగుతోంది. దానికి మెరకమ్మ అనే పేరు పెట్టారు.

మరుసటి వారం మొక్కు తీర్చుకునే వేళకి కుంభవృష్టి. వ్యాను కొత్తది. వెనక సంత జనం, ఆలస్యమైపోతోంది. దిగితే తడిసి ముద్దవుతాడు. బండినే తిప్పేస్తే పోలా అనిపించింది. తిప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అక్కడే వచ్చింది చిక్కంతా. మరుసటి వారం వాన లేదు, దిగొచ్చు. కానీ చప్పట్ల రుచి తెలిసిన మనిషి దిగుతాడా? నాలుగేళ్లలో సంత జనంలో ఆ వ్యానుకి "సుట్ల బండి" అని పేరొచ్చింది, ఆ పేరు కొండ దిగి కోటదాకా రాలేదు. వేరే బండ్లు ఖాళీగా ఉన్నా జనం దీనికోసం కాచుకునేవారు. తాతారావు ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ, బండకి మూరెడు దూరంలో ముక్కు తగలకుండా వ్యానుని మూడుసార్లు తిప్పి, దర్జాగా ఎక్కుడులోకి వదిలేవాడు. భక్తి ఉంది, లేదనకూడదు. పక్కన కొంచెం వేషం కూడా ఉంది.

ఇప్పుడు సంగతి బయటపడ్డాక చిత్రమైన పరిస్థితి వచ్చింది. టైరు ఎందుకు అరుగుతోందో అందరికీ తెలుసు. మానెయ్యమని అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? వెంకటరావుకి చెబితే అతను చేతిలో రెంచి కింద పెట్టి, "నాకేటీ సెప్పొద్దు, నానేటీ ఇన్లేదు," అన్నాడు. సర్వేశ్వరరావు గారు రెండు రాత్రులు ఆలోచించి, పాపమంటని ఉపాయం ఒకటి కనిపెట్టారు.

"తాతారావూ, బండి అమ్మేత్తాను. రాజమండ్రి పార్టీ ఒకటి అడుగుతోంది. వానలు పడేలోగా ఇచ్చేత్తాను," అన్నారు. "నిన్ను మొక్కు మానెయ్యమని నేను అనలేను. రేపు నీ గుంటకి, ఆ పసిపిల్లకి ఏదైనా అయితే ఆ పాపం నాకొద్దు. అలాగని ఏడాదికి రెండు టైర్లు తెచ్చే ఓపికా నాకు లేదు."

"మరి సరుకు బాబూ?"

"లారీల మీద ఏస్తాను."

లారీలవాళ్లకి వాళ్ల డ్రైవర్లు వాళ్లకున్నారు. తాతారావుకి చేతనైంది ఈ బండి, తెలిసింది ఈ ఘాట్. ఇంటికి వెళ్లి రత్నాలుకి చెప్పలేదు. చెబితే మొక్కు సంగతి వస్తుంది, మొక్కు సంగతి వస్తే పోయిన పిల్లల సంగతి వస్తుంది. పొద్దస్తమానం పిల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. అది పెరట్లో కోడిపిల్లల వెంట పరుగెడుతోంది. ఉద్యోగమా, పిల్లా అని ఎవరైనా అడిగితే జవాబు తడుముకోనక్కర్లేదు. కానీ ఉద్యోగం లేకపోతే పిల్లకి తిండి ఎక్కడినుంచి వస్తుంది? ఈ ముడి అతనికి ఎటు లాగినా బిగుసుకుంటోంది.

చివరికి ఆ శుక్రవారం సంతకి పోతూ, ఒక్కసారి మానేసి చూద్దాం, అమ్మ అర్థం చేసుకోదా అనుకున్నాడు. బండ దగ్గర వ్యాను ఆపి, సీట్లోంచే దండం పెట్టి, కళ్లు తెరవకుండానే గేరు మార్చాడు. వెనకనుంచి, "ఏటి తాతారావూ, సుట్లు తిరగవేటి?" అని కేకలు వచ్చాయి. వినిపించనట్టే పోనిచ్చాడు. ఆ రోజు సంతలో ఏం ఎక్కించారో, ఏం దింపారో అతనికి గుర్తు లేదు. లెంపకాయ తిన్నవాడిలాగా తిరిగాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కోట చేరి, సరుకు దింపకుండానే వ్యానుని ఇంటి ముందు ఆపాడు. రత్నాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. భుజం మీద పిల్ల. పిల్ల కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి, ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగురుతున్నాయి.

"పొద్దున్నించీ ఒళ్లు కాలిపోతంది. నీకోసమే సూత్తన్నాను," అంది రత్నాలు. వ్యాను తలుపు తనే తీసుకుని ఎక్కి, పిల్లని ఒళ్లో వేసుకుంది. "ఆస్పత్రికి పోనీ. బేగి."

తాతారావు బండి తీశాడు. వీధి చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి పోతే ఆసుపత్రి, కుడికి పోతే అరకు రోడ్డు. అక్కడికి వచ్చేసరికి అతను బండి ఆపేశాడు.

"రత్నాలూ. నాను ఈయేళ సుట్లు తిరగలేదే."

"ఏటి?"

"అమ్మోరి సుట్టూ తిరగలేదు. దండమెట్టేసి ఎల్లిపోనాను. అందుకే గుంటకి ఇలగైంది. ఇప్పుడే పైకెల్లి తిరిగేసి వచ్చేద్దాం. నీకు దండమెడతాను, అడ్డు సెప్పకు."

రత్నాలు ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు.

"పెద్దోడు పోయినప్పుడు ఏ మొక్కు తప్పేం మావా?" అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "సిన్నోడు పోయినప్పుడు ఏ మొక్కు తప్పేం? ఏటీ తప్పలేదు. ఇద్దరికీ ఆస్పత్రికి ఎల్లడం ఆలీసమైపోనాది. అదొక్కటే తప్పేం. ఎడంకి తిప్పు."

అతను అరకు రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఎడంకి తిప్పుతావా, దిగి నడిసిపోమన్నావా?"

తిప్పాడు. ఆ మలుపు తిప్పడానికి పట్టినంత బలం అతనికి ఏ ఘాట్‌లోనూ పట్టలేదు. ఆసుపత్రి మెట్ల దాకా ఏడుస్తూనే నడిపాడు.

గుండెల్లో నెమ్ము చేరిందన్నారు. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మొదటి రాత్రి ఎవరూ ఏ మాటా చెప్పలేదు. రెండోనాడూ అంతే. ఆ తర్వాత జ్వరం కొంచెం కొంచెంగా దిగి, పిల్ల గంజి అడిగింది. తాతారావు నెత్తిన పాలు పోసినట్టయింది. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని, అప్పటిదాకా కడుపులో దాచుకున్నదంతా రత్నాలుకి చెప్పేశాడు. టైరు సంగతి, షావుకారు సంగతి, రాజమండ్రి పార్టీ సంగతి.

"టైరా?" అంది రత్నాలు. "నువ్వు మొక్కు తీర్సితే టైరెందుకు అరుగుద్ది?"

అతను చేతులు తిప్పుతూ వివరించాడు. ఎడమ చక్రం ఎలా ఒరుగుతుందో, నేలని ఎలా గీరుతుందో అంతా. ఆమెకి ఇన్నాళ్లూ అతను మొక్కు తీరుస్తున్నాడని తెలుసు గానీ ఎలా తీరుస్తున్నాడో తెలీదు. ఆమె ఎన్నడూ కొండెక్కలేదు. పిల్లని ఆ ఘాట్ మీదకి తీసుకెళ్లడానికి తాతారావుకి ధైర్యం చాలలేదు.

"అమ్మోరికి ఏటని మొక్కేవు? ఆ మాటే సెప్పు. అటూ ఇటూ మార్సకు."

"'తల్లీ, నా గుంట బతికితే, ఈ దారినెల్లినప్పుడల్లా నీ సుట్టూ మూడుసార్లు తిరుగుతాను' అన్నాను."

"మరి తిరిగేవా?"

"నాలుగేళ్లనించీ తిరుగుతూనే ఉన్నాను కదే!"

"నువ్వెక్కడ తిరిగేవు మావా? బండి తిరిగింది. నువ్వు మెత్తమీద కూకున్నావు." రత్నాలుకి నవ్వు వచ్చింది, దాంతోపాటు ఇన్ని రోజుల ఏడుపూ వచ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మోరు కాబట్టి ఊరుకుంది. నానైతే ఊరుకోను," అంది.

తాతారావు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. నాలుగేళ్ల మొక్కు! ఒక్క చుట్టైనా తన కాళ్లతో తిరగలేదు. ఎంత అపచారం! తర్వాత మెల్లగా ఇంకో సంగతి తట్టింది. మొక్కు తీర్చకపోయినా అమ్మ నాలుగేళ్లు పిల్లని ఏమీ చెయ్యలేదు. కోడిపిల్లల వెంట పరుగెత్తనిచ్చింది, గంజి అడగనిచ్చింది. ఆవిడ తనలాగా లెక్క చూసుకుంటూ కూర్చోలేదు. ఆ మాట పైకి అనలేదు గానీ, అక్కడే గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ఎన్నో రోజుల తర్వాత పట్టిన నిద్ర.

సర్వేశ్వరరావు గారికి ఈ సంగతి చెబితే ఆయన మొదట నమ్మలేదు. తర్వాత, "ఇది నీ బుర్రా, నీ పెళ్లాం బుర్రా?" అని అడిగారు. పెళ్లాం బుర్రే అని తెలిశాక స్థిమితపడ్డారు. రాజమండ్రి పార్టీకి బండి అమ్మడం లేదని కబురు పంపించి, కొత్త టైరు కోసం మళ్లీ విశాఖపట్నం బస్సెక్కారు. ఆ టైరు ఆ తర్వాత కుడిపక్కదానితో పాటే, పద్ధతిగా, రెండంచులూ సమానంగా ముసలిదైంది.

పిల్ల పూర్తిగా తేరుకున్నాక, తాతారావు మళ్లీ సంతకి బయలుదేరిన మొదటి శుక్రవారం, రత్నాలు పిల్లని చంకనేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "మేమూ వత్తన్నాం," అంది. తాతారావు కాదనలేదు. ఘాట్ పొడుగునా పిల్ల కిటికీకి అతుక్కుపోయి, సొరంగంలోంచి వచ్చే రైలుని చూసి అరిచింది, కోతుల్ని చూసి అరిచింది. మలుపు వచ్చినప్పుడల్లా తాతారావు ఎడంచెయ్యి దానంతటదే స్టీరింగు వదిలి పిల్ల గౌను పట్టుకుంటోంది. "రెండు సేతుల్తో నడుపు," అంది రత్నాలు.

మెరకమ్మ బండ దగ్గర వ్యాను ఆపి, ఇంజను కట్టేశాడు. చక్రం కింద రాయి పెట్టాడు. వెనక జనం బిత్తరపోయారు.

"ఏటి తాతారావూ, మళ్లీ సుట్లు లేవేటి?"

"ఉన్నాయి. దిగండి. ఎవుల సుట్లు ఆలే తిరగాల," అన్నాడు.

కొందరు సణిగారు. బండి తిరిగితేనే తమకీ పుణ్యమనుకుంటూ వచ్చినవాళ్లు వాళ్లు. ఒక ముసలామె మాత్రం పసుపు బుట్ట దించి అందరికంటే ముందు దిగింది. ఆమె వెనక తక్కినవాళ్లూ దిగారు.

తాతారావు చెప్పులు విప్పి నేలమీద కాలు పెట్టాడు. పెట్టగానే అబ్బా అన్నాడు. నాలుగేళ్లు చక్రాలు గీరి గీరి, ఆ బండ చుట్టూ కంకరంతా పైకి లేచి కోరలు తేలి ఉంది. ఈ రాళ్ల మీదనా ఇన్నాళ్లూ టైరుని ఈడ్చింది అనుకున్నాడు. దాని మీద జాలి వేసింది, సిగ్గూ వేసింది. చప్పట్లు కొట్టేవాళ్లెవరూ లేరు. అందరూ తమ కాళ్లు చూసుకుంటూ నడుస్తున్నారు.

మొదటి చుట్టు రత్నాలు పిల్లని ఎత్తుకుని అతని వెనక నడిచింది. రెండో చుట్టుకి పిల్ల దిగుతానని గోల పెట్టింది. దించితే తండ్రి వేలు పట్టుకుని, కంకర లేని చోట్లు ఏరుకుంటూ, గెంతుతూ నడిచింది. తాతారావు నోట్లో ప్రార్థన ఒక్క ముక్కా రావడం లేదు. కళ్లన్నీ ఆ చిన్న కాళ్ల మీదే ఉన్నాయి. తక్కినవాళ్లు అప్పటికే చుట్లు ముగించి వ్యాను ఎక్కేశారు.

మూడో చుట్టు సగంలో పిల్ల వేలు వదిలేసింది.

వదిలేసి ముందుకి పరుగెత్తింది. "మెరకా! పడిపోతావే!" అని అరిచేలోపే బండ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. తాతారావు కంకర మీద పరుగందుకున్నాడు. మలుపు తిరిగి చూస్తే ఎదర ఎవరూ లేరు. నల్లరాయి, పసుపు, దూరంగా లోయ, అంతే. పెద్దవాడు పోయిన రోజు, చిన్నవాడు పోయిన రోజు కాళ్లు ఎలా నేలకి అతుక్కుపోయాయో అలాగే అతుక్కుపోయాయి.

వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని గుంజారు.

తిరిగి చూశాడు. మెరకమ్మ. బండ చుట్టూ మొత్తం తిరిగేసి అతని వెనకనుంచి వచ్చింది. ఒగరుస్తోంది, నవ్వుతోంది. మొహం మీద చెమట, ఒక మోకాలు దోక్కుపోయి ఉంది.

"నానే ముందు వచ్చేసేను నాన్నా!"

తాతారావు ఆ కంకర మీదే మోకాళ్ల మీద కూలబడి, పిల్లని గుండెకి అదిమేసుకున్నాడు. అది ఊపిరాడక గింజుకుంటున్నా వదల్లేదు. రత్నాలు వచ్చి వాళ్లిద్దరినీ కాసేపు చూసింది. పిల్లని అతని చేతుల్లోంచి విడిపించి, చెయ్యి అందించి అతన్ని లేవదీసింది.

"నడు మావా," అంది. "నీది ఇంకా సగం ఉంది."